పిల్లవాని మొదటి సైకిలు

పిల్లలకు బట్టలు కుట్టించునపుడు మన ఇండ్లలో ఒక మాట తప్పక వినవచ్చును: "ఎదిగే పిల్లలు గదా, కాస్త వదులుగా కుట్టవయ్యా." దర్జీయు ఆ మాటకు అలవాటు పడినవాడే. లాగు పొడుగైనచో అంచు మడిచి కుట్టును. బూటు పెద్దదైనచో మనమే ముందు గుడ్డ కుక్కుదుము. రెండేండ్లు గడచునప్పటికి లాగు సరిపోవును. ఆలోపల చిరిగిపోవుటయు కద్దు. ఇందులో పెద్ద నష్టము లేదు. కాని ఇదే లెక్కను సైకిలు దుకాణములోనికి తీసికొనిపోవుట పొరపాటు. వదులు చొక్కా తొడిగిన పిల్లవానిని చూచి నలుగురు నవ్వుదురు, అంతే. తనకు మించిన సైకిలెక్కిన పిల్లవాడు పడును.

ఈ పొరపాటు మేమును చేసితిమి. అయిదేండ్ల కుమారునకు 20 అంగుళముల చక్రములు గల సైకిలు కొంటిమి. "ఇంకో మూడేళ్లు తిరిగి చూడక్కరలేదు" అని దుకాణమువాడనెను. మా మనస్సులోని మాటయు అదియే. సీటు అడుగంట దింపినను వాని మునివ్రేళ్లు మాత్రమే నేలకు తగులుచుండెను. మూడవనాడు వీధి మలుపున బండి ఒరిగినది. కాలు నేలకానలేదు. మోచేయి చీరుకొనిపోయినది. ఆ గాయము వారమునకు మానినది కాని, సైకిలు మాత్రము ఏడాదికి పైగా వసారాలో గోడకానుకొని ఉండిపోయినది. వాడు దానివంక చూచెడివాడు కాడు. మేము మిగుల్చుకొందుమనుకొన్న సొమ్ము సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

మన తరమువారిలో పలువురు పెద్దల సైకిలు మీదనే నేర్చిరి గదా యని మీరనవచ్చును. నిజమే. గంటకింత అని అద్దెకు తెచ్చిన 28 అంగుళముల చక్రముల బండి, సీటు అందదు, అడ్డుకడ్డీ క్రిందుగా కాలు దూర్చి, ఒడలంతయు ఒక ప్రక్కకు వంచి, అరచుట్టు అరచుట్టుగా త్రొక్కుచు పోయెడివారము. తలచుకొనిన ఇప్పటికిని ముచ్చటగానే ఉండును. కాని నాటి వీధిలో తిరిగినవి ఎద్దుబండ్లు. నేటి వీధిలో తిరుగునవి ఆటోలు, మోటారు సైకిళ్లు. అదియుగాక, నేర్చినవారే ఆ కథలు చెప్పుకొందురు. భయపడి మానుకొన్నవారు నోరు విప్పరు.

కావున దుకాణమునకు పోవుటకు ముందే ఇంట కొలత తీయవలెను. పిల్లవానిని చెప్పులు లేకుండ గోడకు వీపు ఆనించి నిలబెట్టి, కాళ్ల నడుమ గట్టి అట్ట గల పుస్తకమొకటి పైదాక ఆనించి, దాని పై అంచు నేలకెంత ఎత్తున ఉన్నదో టేపుతో కొలిచి వ్రాసికొనుడు. వయస్సు చెప్పి కొనుటకంటె ఇది మేలు. ఒకే తరగతిలోని పిల్లలలో జానెడు తేడా ఉండవచ్చును. సీటును పూర్తిగా దింపినపుడు దాని ఎత్తు ఈ కొలతకు కొంచెము తక్కువగా ఉండవలెను. సీటుపై కూర్చున్నప్పుడు రెండు పాదములును మడమలతో సహా నేలకానవలెను. బాగుగా నేర్చిన పిమ్మట సీటు పైకి లేపుకొనవచ్చును. సుమారుగా చెప్పవలెనన్నచో, 12 అంగుళముల చక్రములు మూడేండ్లవానికి, 16 అంగుళములవి అయిదేండ్లవానికి, 20 అంగుళములవి ఏడెనిమిదేండ్లవానికి సరిపోవును. అయినను కాలి కొలతనే నమ్ముడు.

పిమ్మట బండిని ఒక చేత ఎత్తి చూడుడు. అయిదేండ్ల పిల్లవాడు సుమారు 18 కిలోలు తూగును. బుట్ట, క్యారియరు, ప్రక్కచక్రములు, లావు టైర్లు అన్నియు చేరి వాని సైకిలు 9, 10 కిలోలుండుట అరుదు కాదు. అరువది కిలోల మనిషి ముప్పది కిలోల సైకిలు త్రొక్కవలసి వచ్చినట్లన్నమాట. బుట్ట మీద బొమ్మ చూచి పిల్లవాడు ముచ్చటపడును; దానిని మోయవలసినవాడును వాడే.

బ్రేకు పరీక్ష పెద్దలు చేయరాదు. పిల్లవానిని కూర్చుండబెట్టి వానిచేతనే నొక్కించవలెను. మనకు సులువుగా నున్న బ్రేకుపిడి వాని వ్రేళ్లకు అందనే అందకపోవచ్చును. కొన్నిటికి పిడి మొదట చిన్న మర యుండును; దానిని బిగించిన పిడి దగ్గరకు వచ్చును. గొలుసుకు నిండు మూత కావలెను. హ్యాండిలు చివరల రబ్బరు తొడుగులు ఊడిపోకుండ చూడుడు. ఇది చిన్న విషయమని తలపకుడు. తొడుగు లేని గొట్టము పడునప్పుడు పొట్టలో పొడుచుకొని కాలేయమునకో ప్లీహమునకో దెబ్బ తగులుట పిల్లల వైద్యులెరిగినదే. పైకి గుండ్రని మచ్చ మాత్రమే కనబడును. అట్లు పడిన పిల్లవాడు కడుపునొప్పి అన్నచో పసుపు రాసి ఊరకుండరాదు, వైద్యునికి చూపవలెను. తలకు హెల్మెటు, దాని పట్టీ గడ్డము క్రింద బిగించుట, ఇవి మొదటి దినము నుండియే అలవాటు కావలెను.

ఇక ప్రక్కచక్రములు. వీనివలన పిల్లవాడు పడడు. కాని సైకిలు నేర్వడు. రెండు చక్రముల బండి మలుపులో లోపలి వైపునకు ఒరుగవలెను. ప్రక్కచక్రములు దానిని ఒరుగనీయవు. వానిని విప్పిననాడు నేర్చినదంతయు మరచి మరల మొదలిడవలసి వచ్చును. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ అను నతడు చేసిన మొదటి ద్విచక్ర వాహనమునకు పెడళ్లే లేవు. మనిషి దానిపై కూర్చుండి కాళ్లతో నేలను తన్నుచు పోయెడివాడు. పెడళ్లు 1860 తరువాతి దశాబ్దములో గాని రాలేదు. పిల్లవానికిని ఈ వరుసయే సుఖము. క్రొత్త సైకిలుకు రెండు పెడళ్లును విప్పివేయుడు. ఎడమ పెడలు మర మాత్రము విపరీతముగా నుండును. దానిని గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు త్రిప్పిన ఊడును. ఇది తెలియక కుస్తీ పట్టి మర చెడగొట్టువారున్నారు. పెడళ్లు లేని బండిపై పిల్లవాడు కాళ్లతో నెట్టుకొనుచు, కొన్నాళ్లకు రెండు కాళ్లును పైకెత్తి జారిపోవును. అప్పుడు పెడళ్లు బిగించుడు.

ఆడపిల్లకు సైకిలెందుకను ప్రశ్న నేటికిని కొన్ని ఇండ్లలో వినబడును. తమిళనాట పుదుక్కోట్టై జిల్లాలో 1991లో అక్షరాస్యతా ఉద్యమముతో పాటు వేలకొలది స్త్రీలు సైకిలు నేర్చిరి. బీహారు ప్రభుత్వము 2006లో ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్లిచ్చుట ప్రారంభించినది. అన్నచెల్లెండ్లున్న ఇంట అడ్డుకడ్డీ లేని సైకిలు కొనుట మేలు. దిగుట సులువు, ఇద్దరికిని పనికివచ్చును. "అది ఆడపిల్లల సైకిలు" అని అన్న మారాము చేయును. ఒకనాడు చేయును, రెండవనాడు ఎక్కును.

ఈ నడుమ కొందరు తల్లిదండ్రులు సైకిలును దాటి, నాలుగు లావు చక్రముల పెట్రోలు బండ్లను, ఏటీవీ అనబడు వానిని, పసిపిల్లలకు కొనిపెట్టుచున్నారు. అమెరికాలో విశాలమైన ఆవరణలు గల మన తెలుగువారి పిల్లలును ఇవి అడుగుచుందురు. ఆ దేశములోనే బోల్తా ప్రమాదములు పెరుగగా, 1988లో ప్రభుత్వముతో కుదిరిన ఒప్పందము చొప్పున తయారీదారులు మూడు చక్రముల వానిని అమ్ముట మానిరి. అచ్చటి పిల్లల వైద్యుల సంఘము, 16 ఏండ్లు నిండనివారు వీనిని నడుపనే రాదని చెప్పుచున్నది. మన దేశములోనైతే మైనరుచేత వీధిలో మోటారు బండి నడిపించినచో, 2019 సవరణ ననుసరించి సంరక్షకునికే మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధింపవచ్చును. ఇంజను బండి తానే పోవును. ఎప్పుడు ఆపవలెనో తెలిసిన వయస్సు రావలెను. సైకిలు పిల్లవాని బలము మేరకే పోవును.

రెండేండ్లకు చిన్నదైపోవు బండికి అంత డబ్బా యను బాధ మాకును కలదు. దానికి మందు పాత సైకిలు. చుట్టాల ఇండ్లలో అటుకల మీద 16 అంగుళముల సైకిళ్లెన్ని లేవు? మేము చివరకు తెచ్చినది అట్టిదే. బ్రేకు రబ్బర్లు మార్పించి, చక్రము వంకర తీయించి, పెడళ్లు విప్పి ఇచ్చితిమి. మొదటి వారము దానిని ముట్టలేదు. రెండవ వారము మేము ఇంట లేనపుడు ఎక్కెనట. వసారాలోనిది వానికి ఎనిమిదవ యేట సరిపోయినది.