బిల్లు తర్వాత, టికెట్టు ముందు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో డి.ఎ. బకాయిల గురించో, వైద్యఖర్చుల గురించో మాట్లాడితే అందరూ శ్రద్ధగా వింటారు. కప్పల గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు నవ్వి, "పది నిమిషాలే మాస్టారూ" అన్నారు. ప్రభుత్వ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి, కప్పలను వదిలిపెట్టలేను. అయినా నా మాటలు చివరికి చేరేది టి.ఎ. బిల్లు దగ్గరికే. అది మనందరికీ తెలిసిన విషయమే.

మన చిన్నతనంలో తొలకరి పడిందంటే రాత్రంతా చెరువు దగ్గర కప్పల బెకబెకలే. వానలు మొహం చాటేస్తే కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పి, కప్పతల్లికి నీళ్లు పోయించేవారు. పొలంలో పురుగులను తిని రైతుకు కూలి అడగకుండా పనిచేసే జీవి అది. అలాంటి కప్పల కాళ్లను మన దేశం ఒకప్పుడు వేల టన్నుల్లో విదేశాలకు ఎగుమతి చేసింది. 1987లో ఆ ఎగుమతిని నిషేధించారు.

1989లో ఇంగ్లండులోని కాంటర్‌బరీలో మొదటి ప్రపంచ హెర్పటాలజీ మహాసభ జరిగింది. హెర్పటాలజీ అంటే కప్పలు, పాములు, బల్లులు, తాబేళ్ల వంటివాటిని గురించిన శాస్త్రం. అక్కడ వివిధ దేశాలవారు తమ ప్రాంతాల్లో కప్పలు కనబడకుండా పోతున్నాయని ఒకరికొకరు చెప్పుకున్నారు. విడివిడిగా చూస్తే ఏ ఊరి కష్టం ఆ ఊరిదే అనిపించేది. పక్కపక్కన పెట్టి చూస్తే అది ప్రపంచమంతటి సమస్య అని తేలింది. ఆ తర్వాత 1998లో ఆస్ట్రేలియాలోనూ, మధ్య అమెరికాలోనూ చచ్చిపోతున్న కప్పల చర్మంలో కైట్రిడ్ అనే ఒకే రకం బూజు ఉన్నట్లు శాస్త్రవేత్తలు ప్రకటించారు. 2023లో వెలువడిన అంచనాలో 8,011 జాతుల ఉభయచరాలను పరిశీలిస్తే, సుమారు 41 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయని తెలిసింది.

ఒక చెరువు దగ్గర ఒకరు రాసుకున్న లెక్క నలుగురి లెక్కలతో కలిస్తేనే శాస్త్రమవుతుంది. అవి కలిసే చోటు ఇలాంటి సభలే. మన తూర్పు కనుమలనే తీసుకోండి. అక్కడి నుంచి 1998లో కూడా ఇంద్రనీల్ దాస్, ఎస్.కె. చందా అనే శాస్త్రవేత్తలు ఒక కొత్త పొదకప్ప జాతిని వర్ణించారు. అంటే మన కొండల్లో తెలుసుకోవలసింది ఇంకా ఉందన్నమాట. ఆ కొండల్లో వానాకాలం రాత్రుళ్లు టార్చిలైటు పట్టుకుని తిరిగే మన పిల్లలు సభకు వెళ్లలేకపోతే, వారి లెక్క నోటుపుస్తకంలోనే ఉండిపోతుంది. నూతిలో కప్ప అని మనం తేలిగ్గా అంటాం. ఆ కప్పకు నూతిలోంచి బయటికి వచ్చే దారి ఎవరైనా చూపారా?

నాకు తెలిసిన ఒక పరిశోధక విద్యార్థిని ఉంది. తండ్రిది కౌలు వ్యవసాయం. ఆ అమ్మాయి వ్యాసం ఒక విదేశీ సభకు ఎంపికైంది. ప్రయాణ ఖర్చు మంజూరు చేస్తూ ఉత్తర్వు కూడా వచ్చింది. కాని ఆ డబ్బు తిరిగి వచ్చి బిల్లులు పెట్టుకున్నాక ఇచ్చేది. టికెట్టు, వీసా రుసుము, సభ రుసుము మాత్రం ముందే కట్టాలి. ఫెలోషిప్పు నెలల తరబడి రాలేదు. తండ్రి అప్పు చేస్తానంటే ఆ అమ్మాయే వద్దంది. ఉత్తర్వు చేతిలో ఉండగానే సభ అయిపోయింది.

మనం ఉద్యోగాల్లో ఉండగా క్యాంపుకు వెళ్లాలంటే టి.ఎ. అడ్వాన్సు తీసుకునేవాళ్లం. తిరిగొచ్చాక బిల్లు పెట్టి సర్దుబాటు చేసేవాళ్లం. గుమాస్తా జేబులో డబ్బు లేనంత మాత్రాన పని ఆగకూడదనే ఆ ఏర్పాటు చేశారు. ఆ వెసులుబాటు ఈ పిల్లలకు మనం ఎందుకు కల్పించకూడదు?

నా ప్రతిపాదన చిన్నది. ఇష్టమున్నవారు మాత్రమే చేరే ఒక అడ్వాన్సు నిధి పెట్టుకుందాం. మంజూరు ఉత్తర్వు, సభవారి అంగీకార పత్రం, గైడు సంతకం చేసిన హామీ, ఈ మూడూ చూసి డబ్బు ఇద్దాం. బిల్లు పాసయ్యాక అది తిరిగి నిధికి వస్తుంది, మరొకరికి వెళుతుంది. మన దేశంలోనే జరిగే సభలకైతే రైలు ఛార్జీ, బస ఖర్చు చాలు. మొదటి ఏడు వాటితోనే మొదలుపెట్టవచ్చు.

"మనవల ఫీజులకే చాలడం లేదు, కప్పలకెక్కడ తెస్తాం మాస్టారూ" అని ఒక మిత్రుడు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. డబ్బు ఇవ్వలేనివారు ఇవ్వగలిగింది మరొకటి ఉంది. ట్రెజరీలో, బ్యాంకులో, ఆడిట్‌లో పనిచేసినవారు మనలో ఎందరో ఉన్నారు. ఏ బిల్లుకు ఏ రసీదు జతచేయాలో, ఏ కాగితం లేకపోతే అభ్యంతరం రాస్తారో వారికి కంఠతా వచ్చు. ఆ పిల్లల పక్కన ఒక పూట కూర్చుంటే చాలు. సభకు వెళ్లేముందు వారి ప్రసంగం ఒకసారి మన ముందు చెప్పించుకుందాం. తిరిగొచ్చాక మన పేటలోని బడిపిల్లలకు అక్కడ విన్నది చెప్పమందాం. అదే మనకు వడ్డీ.

కార్యవర్గంవారు ఈ విషయాన్ని వచ్చే సమావేశపు అజెండాలో చేర్చాలని కోరుతున్నాను. నా వంతుగా ఒక నెల పెన్షను కోశాధికారిగారికి ఈ రోజే అందజేస్తున్నాను. దయచేసి రసీదు ఇప్పించండి. సెలవు.