విద్యార్థుల సేవకు మన మన్నన
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



సేవ చేసిన విద్యార్థులను ఈ సభలో గౌరవింపవలెనని కార్యవర్గము నిశ్చయించి, ఆ విషయమున నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరినది. నేను ఉపన్యాసకుడను కాను. పగలు చిట్టా ఆవర్జాలు వ్రాసికొనువాడను. రాత్రులు ఈ గ్రంథాలయములో కూర్చుండి భారతమును, బైబిలును గురుముఖము లేకయే చదువుకొన్నవాడను. కావున నా మాటలలో లెక్కల వాసన యుండిన మన్నింపుడు.

ఈ సేవ ఎట్లు మొదలయ్యెనో మీలో పలువురెరుగుదురు. మూడేండ్ల క్రిందట మన ఊరి పాస్టరుగారు ఆదివారపు బడి పిల్లలకు క్రీస్తు తన శిష్యుల పాదములు కడిగిన కథ చెప్పి, "ఇక మీరెవరి కాళ్ళు కడుగుదురు?" అని అడిగిరట. కాళ్ళు కడుగుటకు పిల్లలు సిగ్గుపడి, నీళ్ళు మోయుదుమనిరి. ఒంటరిగా నున్న ముసలివారి యిండ్లకు శనివారములందు నీళ్ళు మోసిరి, మందులు తెచ్చిరి, చూపు తగ్గినవారికి పత్రిక చదివి వినిపించిరి, పింఛను కాగితములు నింపిరి. నెల తిరుగకమున్నే తక్కిన వీధుల పిల్లలును, క్రైస్తవులు కానివారును వారితో కలిసిరి. ఏ యింటికి ఎవరు పోవలెననుటలో కులపు మాట రాలేదని చెప్పిన వినుటకు ఇంపుగా నుండును. కాని వచ్చినది. ఒకటి రెండు గడపలవద్ద బిందెను బయటనే దింపుమనిరి. పిల్లలు దింపివచ్చిరి, మరుసటి శనివారమును పోయిరి.

ఇక నా తప్పు చెప్పెదను. 1969లో, గాంధీజీ శతజయంతి వత్సరమున, మన దేశమున జాతీయ సేవా పథకము ఆరంభమైనది. అందు చేరిన కళాశాల విద్యార్థికి రెండేండ్లలో 240 గంటల సేవ నియమము. దేశమంతటి విద్యార్థులను నడుపు పథకమునకు ఏదో యొక కొలత కావలెను, దానిని తప్పుపట్టను. నేను ఆ కొలతను తెచ్చి మన బడిపిల్లలమీద పెట్టితిని. ఒక పుస్తకమునకు గళ్ళు గీసి, పేరు, తేదీ, గంటలు, సేవ పొందినవారి వ్రాలు లేక వేలిముద్ర అని శీర్షికలు వ్రాసి, హెచ్చు గంటలవారికి రజతోత్సవమున బహుమానమని ప్రకటించితిని. పుస్తకము త్వరగా నిండినది. నేను మురిసిపోయితిని.

ఒకనాడు పడమటి వీధిలోని చూపులేని అవ్వ నన్ను పిలిచి, "ఇదివరకు పిల్లలు వచ్చి నా దగ్గర కూర్చునేవాళ్ళు నాయనా. ఇప్పుడు వేలిముద్ర వేయించుకుని పోతున్నారు" అనెను. ఆ రాత్రి నాకు అన్నము సహింపలేదు.

పుస్తకమును తిరుగవేసితిని. గంటలలో మొదట నిలిచిన పిల్లవాడు దొంగలెక్క వ్రాసినవాడు కాడు. ప్రతి గంటయు నిజమే. అయినను దగ్గరి యిండ్లను, త్వరగా ముగియు పనులను ఏరుకొనెను. ఆ గుణము పిల్లవానిది కాదు, నా గళ్ళది. మరియు, తల్లితోకూడ మిరపకోతలకు పోవు ఒక బాలిక పేరు ఆ పుస్తకములో ఒక్కచోటను లేదు. ఆమె పొద్దుగూకిన పిమ్మట ఇల్లు చేరి, ఇరుగుపొరుగు చిన్నపిల్లలను చేర్చుకొని గుణింతములు దిద్దించును. నీవేల వ్రాయించుకొనలేదని అడుగగా, "ఊరికే కూర్చోబెడుతున్నానండీ, అది సేవేమిటి?" అనెను.

అప్పుడు మత్తయి సువార్త తీసి కొండమీది ప్రసంగమును మరల చదివితిని. సత్కార్యము దీపమువలె నలుగురికి కానరావలెనని ఐదవ అధ్యాయమున కలదు. ధర్మము చేయుచు చాటింపు వేయించుకొనుట కూడదని ఆరవ అధ్యాయమున కలదు. ఒకే ప్రసంగములో ఈ రెండును ఎట్లు పొసగునని చాలదినములు యోచించితిని. ఐదవ అధ్యాయమును నిదానించి చూడగా, అచ్చట చూచినవారి స్తుతి పరలోకపు తండ్రికి పోవుచున్నది గాని చేసినవానికి కాదు. ఇరువదియైదవ అధ్యాయమునకు వచ్చుసరికి సందేహము మరికొంత తీరినది. తీర్పుదినమున రాజు మెచ్చుకొన్న నీతిమంతులు ఆశ్చర్యపడుదురు. ఆకలిగొన్న నిన్ను మేమెన్నడు చూచితిమని ఎదురడుగుదురు. పుచ్చుకొన్నవాడు జమ వ్రాసికొన్నాడు. ఇచ్చినవాడు ఖర్చు వ్రాయలేదు. ఇన్నేండ్లు లెక్కలు వ్రాసినను ఇట్టి పద్దు నేనెరుగను. మన మిరపకోత బాలికకు ఆ గ్రంథము తెలియదు గాని, ఆమె జవాబును ఆ నీతిమంతుల జవాబును ఒక్కటే.

లూకా సువార్తలోని సమరయుని పేరైనను మనకు తెలియదు. గాయపడినవానిని చూచుకొనుమని పూటకూళ్ళవానికి ఇచ్చిన రెండు దేనారములు మాత్రము తెలియును. అది ఆ కాలపు కూలివానికి రెండు దినముల కూలి. చాలనిచో తిరుగుప్రయాణమున చెల్లింతునని బాకీ కూడ ఒప్పుకొన్నాడు. ఎంతసేపు సేవ చేసెనో ఎవరును వ్రాయలేదు.

దేవాలయపు పెట్టెలో రెండు కాసులు వేసిన పేద విధవ కథను పాస్టరుగారు చెప్పగా మీరు వినియుందురు. మన భారతమున ఆశ్వమేధికపర్వములో ధర్మరాజు యాగశాలకు వచ్చిన ముంగిస కథయు అట్టిదే. పేలపిండిని అతిథికి పెట్టి పస్తున్న పేద బ్రాహ్మణుని యింట దాని దేహము సగము బంగారమైనది. అంత గొప్ప యాగములో తక్కిన సగము కాలేదు. రెండు కథలలోను కొలత ఒకటే: ఇచ్చిన పిమ్మట ఇంట మిగిలినదెంత యని. పగలెల్ల మిరపచేలో వంగిన పిల్లకు మిగిలిన పొద్దెంత?

అట్లయిన గౌరవమే వలదని కొందరు పెద్దలు నాతో వాదించిరి. నేనొప్పుకొనలేదు. మన తలలపై తిరుగు పంకాల రెక్కలమీద దాతల పేర్లున్నవి. తిరుగునప్పుడు ఎవరును చదువలేరు, గాలి మాత్రము వచ్చును. ఆ దాతలిచ్చటనే యున్నారు, కోపింపరని నమ్మెదను. పంకాకు పేరు వ్రాయించిన ఊరు, నీళ్ళు మోసిన పిల్లలను మరచుట న్యాయమా?

గుంటూరు ఆసుపత్రి సంగతి తలచుకొనుడు. డాక్టరు అన్నా సారా కుగ్లరు 1883లో అమెరికానుండి వచ్చినప్పుడు లూథరను మిషనువారు ఆమెను వైద్యమునకు పంపలేదు, బోధనకు పంపిరి. ఆమె బోధించుచునే రోగులను చూచెను. 1885లో వైద్యసేవకు నియమించిరి. 1898లో ఆసుపత్రి తెరచిరి. తొలినాళ్ళ వైద్యము ఏ పదవి పేరునను జరుగలేదు. అయినను పిమ్మట గుర్తింపే లేకున్న ఆసుపత్రికి ఇటుక యెక్కడిది? గుర్తింపు చేసినవాని సంతోషమునకంటె పని నిలుచుటకు ఎక్కువ కావలెను.

కావున గళ్ళ పుస్తకమును మూసితిని. ప్రకటించిన బహుమానము ఎగవేసిన బాకీ ఎగవేసినట్లే గనుక, దానిని నా సొంత సొమ్ముతో ఆ పిల్లవానికి ముందే ఇచ్చితిని. నేడు మొదటివారు రెండవవారు అని లేదు, గంటలు లేవు. సేవ పొందినవారే వచ్చి తమకు తోచినది చెప్పుదురు. ప్రతి పిల్లయు ఒక పుస్తకము కోరుకొనవచ్చును, గ్రంథాలయము కొనును, మొదట చదువు హక్కు ఆ పిల్లది, అట్టపై పేరుండదు. మిరపకోత బాలిక పెద్దబాలశిక్ష కోరినది. ఒకటి కాదు, నాలుగు కావలెనట. కార్యదర్శిగారు నియమము చూపి వెనుకాడిరి గాని, చివరకు ఒప్పుకొనిరి.

బిందె బయట దింపించిన గడపలలో ఒక గడపవారును సభకు వచ్చియున్నారు. వారు మాటాడుదురో లేదో నాకు తెలియదు, నేనడుగలేదు.

ఇక అవ్వను వేదికమీదికి తీసికొనిరండు. మెట్టు ఎత్తుగా నున్నది, మెల్లగా.