విద్యార్థుల మనఃస్థితి: ప్రకృతి యేది? వికృతి యేది?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు ఒక విశ్రాంతోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



పుస్తకములను గూర్చి చెప్పుదునని మీరు తలచియుందురు. కాని ఆ పుస్తకములను చదువవలసిన పిల్లల మనస్సులను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. అందులకు కారణము నేను చేసిన యొక తప్పు. దానిని ముందుగా ఒప్పుకొందును.

నేను పదవ తరగతికి లెక్కలు చెప్పుచున్న దినములలో ఒక తెలివిగల పిల్లవాడు ముందు వరుసలో కూర్చుండెడివాడు. దసరా సెలవుల తరువాత అతడు వెనుక బల్ల చేరెను. పిలిచిన పలుకడు; ఆటకు పోడు; మధ్యాహ్నము అన్నపు డబ్బా మూత తీయక యింటికి తీసికొనిపోవును. బద్ధకమని నేను తలచితిని. పదిమంది యెదుట నిలువబెట్టి చీవాట్లు పెట్టితిని. ఇంటివారు గాలి సోకినదని తాయెత్తు కట్టించిరి. నాలుగు నెలలు గడచిన పిదప బంధువొకరు పట్టుబట్టి ఆసుపత్రికి తీసికొనిపోగా, అది కుంగుబాటు అను మనోవ్యాధి యని వైద్యులు తేల్చిరి. చికిత్సతో పిల్లవాడు కోలుకొనెను గాని ఆ యేటి చదువు పోయినది. ప్రతిదినము చూచుచుండియు నేను కనుగొనలేకపోతిని.

మన ఆయుర్వేదము ప్రతి మనిషికిని తనదైన ప్రకృతి కలదనియు, దానినుండి తొలగుట వికృతి యనియు చెప్పినది. మనస్సు విషయమునను ఈ మాట గుర్తుంచుకొనదగినది. స్వభావముచేత మితభాషియైన పిల్లవాడు రోగి కాడు. గలగల మాటాడు పిల్ల హఠాత్తుగా మూగవోయినచో ఆలోచింపవలెను.

పరీక్షకు ముందు గుండె దడదడలాడుట, అరచేతులు చెమర్చుట సహజము. కొంత భయమే పిల్లలను చదివించును. పరీక్ష తప్పినవాడు ఏడ్చుట, తాత మరణించిన పిల్ల కొన్నాళ్లు దిగులుపడుట, పదునైదేండ్లవాడు తండ్రికి ఎదురు చెప్పుట, ఇవి యేవియు జబ్బులు కావు. వీనికి మందు కాదు, మన ఓర్పు కావలెను.

మరి వికృతిని గుర్తించుట యెట్లు? నాలుగు కొలతలు చెప్పెదను.

మొదటిది కాలము. దిగులు దాదాపు ప్రతిదినము, దినములో అధిక భాగము ఉండి, రెండు వారములు దాటినచో ఉపేక్షింపరాదు. రెండవది తీవ్రత. కలిగిన కారణమునకు తగినంత బాధయేనా, లేక దానిని మించిపోయినదా యని చూడవలెను. మూడవది నిత్యకృత్యము. తిండి, నిద్ర, స్నానము, బడి, స్నేహము, ఆట, వీనిలో ఎన్ని చెడినవో లెక్కింపవలెను. నాలుగవది అన్నిటికంటె ముఖ్యము: పూర్వస్థితి. పిల్లవానిని పొరుగింటి పిల్లవానితో పోల్చరాదు. నిరుటి తనతోనే పోల్చవలెను.

కుంగుబాటు పిల్లలలో కన్నీరుగానే కనబడదు. చీటికిమాటికి కోపముగా, మాటిమాటికి వచ్చు తలనొప్పిగా, కడుపునొప్పిగా గూడ కనబడును. మరియొక వైపు, చూపు మందగించుట, రక్తహీనత వంటి దేహదోషములవలన గూడ పిల్లలు చదువులో వెనుకబడుదురు. కావున ఈ కొలతలు మనము రోగమునకు పేరు పెట్టుటకు కావు. వైద్యునికి చూపవలెనా యని నిశ్చయించుకొనుటకు మాత్రమే.

కొన్నిటి విషయమున రెండు వారములు గూడ ఆగరాదు. ఎవరును లేకుండగనే మాటలు వినబడుచున్నవనుట, అందరును తనకు కీడు తలపెట్టుచున్నారని నమ్ముట, తన్ను తాను గాయపరచుకొనుట, బ్రతుకు వలదనుట, వీనిలో నేది కనబడినను ఆనాడే కదలవలెను. చావు తలంపు కలుగుచున్నదా యని మెల్లగా అడుగుటకు వెరవకుడు. అడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు. దాచుకొన్న బరువు దిగును. అట్టివానిని ఒంటరిగా విడువరాదు. ఇంటనున్న పురుగుమందును అందకుండ తాళము వేయవలెను.

ఇది యే యొక్క యింటి నష్టమో కాదు. 2015-16లో మన దేశమున జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో 13 మొదలు 17 ఏండ్ల వయస్సు వారిలో నూటికి ఏడుగురికి పైగా ఏదో యొక మానసిక వ్యాధితో నున్నట్లు తేలినది. దీనిలో సిగ్గుపడవలసినది లేదు. 2022లో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే సలహా లభించును. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవానిగానే భావింపవలెననియు, అతనికి సంరక్షణ కల్పించుట ప్రభుత్వ ధర్మమనియు చెప్పినది. చట్టమే దయ చూపుచుండగా కన్నవారమును, గురువులమును మనము కఠినులమగుట తగునా?

కడపట ఈ గ్రంథాలయమును గూర్చి యొక్క మాట. మన గ్రంథపాలకుని యొద్ద పుస్తకములిచ్చు చిట్టా కలదు. వారమునకొక పుస్తకము తీసికొనిపోవు పిల్లవాడు నెల దినములు రాకపోయినచో ఆ చిట్టా చెప్పును. అపుడు బాకీ పుస్తకమును మాత్రమే అడుగక, "నాయనా, బాగున్నావా?" అని గూడ అడుగుడని నా ప్రార్థన. నేనడుగవలసిన సమయమున ఆ మాట అడుగలేదు. మీరడిగినచో నా తప్పు కొంతయైన తీరును.