పూతకు ముందు కప్పును చూడవలెను
(భిలాయిలో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



వేతనములు, కరవు భత్యము, పెన్షన్ గురించి వినవచ్చిన మీకు, డాబాపై పూయు పూతను గూర్చి మేము మాట్లాడబూనుట వింతగా తోచవచ్చును. కాని వానకాలమున సంఘమునకు వచ్చు అర్జీలలో “ఇల్లు కురియుచున్నది” అన్న మాటయే ఎక్కువగా కనబడును. రైల్వే క్వార్టరులో మంచము ప్రక్కన పెట్టిన బకెట్టు, తపాలా కార్యాలయమున ఉత్తరాల సంచులపై కప్పిన పాలిథిన్ పట్టా, ఈ రెండును ఒకే కథను చెప్పుచున్నవి.

ఈ కథకు భిలాయి తగిన చోటు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందము వలన ఇక్కడి ఉక్కు కర్మాగారము ఏర్పడినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. మన బండ్లు నడచు పట్టాల ఉక్కు ఇక్కడిది. స్లాబులోని ఇనుప చువ్వయు, డాబాపై పూయు నల్లని తారును కూడ ఈ ఊరికి చుట్టములే. కోక్ ఓవెన్లలో గాలి తగులకుండ బొగ్గును కాల్చినపుడు కోక్‌తో పాటు తారు దిగును. పెట్రోలియం నుండి వచ్చు బిటుమెన్ వేరు. చూపునకు రెండును నలుపే, వాడుకలో రెండింటిని తారు అనియే పిలుచుచున్నాము. ఈ భేదమునకు తిరిగి వత్తుము.

చదునైన స్లాబు ఏల కురియును? వేసవి పగటి ఎండకు కాంక్రీటు వ్యాకోచించును, రాత్రి చల్లబడి సంకోచించును. ఏండ్ల తరబడి ఇట్లు జరుగగా సన్నని పగుళ్లు పుట్టును. జూన్ నడుమ వర్షములు రాగానే, వాలు లేని చోట నీరు నిలిచి ఆ పగుళ్లలో దిగి చువ్వను చేరును. తుప్పు పట్టిన ఇనుము మొదటి ఇనుము కంటె రెండింతలకు మించిన చోటు కోరును. ఆ ఒత్తిడికి క్రింది కాంక్రీటు పెచ్చులూడి మంచముపై, కొన్నిమార్లు మనుష్యులపై పడును. ఇట్టి స్థితిలో పైన ఎంత ఖరీదైన పూత పూసినను ఫలము లేదు. వదులైన పెచ్చులను రాల్చి, చువ్వను ఇనుప కుంచెతో తోమి, మరమ్మతు పూర్తి చేసిన పిదపనే పూత మాట.

మేము నివసించిన ఒక క్వార్టర్ల వరుసలో జరిగినది చెప్పుదుము. ఎన్నో అర్జీల తరువాత పని మంజూరైనది. కాని అది మొదలైనది జూన్ మూడవ వారమున, రెండు వానలు కురిసిన పిమ్మట. తడి స్లాబుపై రెండు దినములలో పూత ముగించి వెళ్లిరి. మరుసటి ఏప్రిల్ ఎండకు లోని చెమ్మ ఆవిరియై పూత అంతయు బొబ్బలెక్కినది. ఆగస్టులో ఇల్లు ఎప్పటివలెనే కురిసినది. తప్పు కాంట్రాక్టరుది అని మేము సులభముగా అనవచ్చును. కాని ఆ రెండు దినములలో మాలో ఒక్కరును మెట్లెక్కి పైకి పోయి చూడలేదు.

చూడవలసినది ఏమి? మొదట స్లాబు పొడిగా ఉన్నదా యని. మూర పొడవు, మూర వెడల్పు గల పాలిథిన్ ముక్కను డాబాపై పరచి, నాలుగు అంచులను టేపుతో అంటించి మరునాటి వరకు ఉంచుడు. క్రింది వైపు నీటి బొట్లు కనబడినచో పూతకు ఇంకను వేళ కాలేదు. తరువాత వాలు. తూము వైపునకు నూరింట ఒకటి, అనగా మూడు మీటర్లకు మూడు సెంటీమీటర్ల పల్లము, కనీసము ఉండవలెను. లేనిచో ముందు దానినే సరిచేయవలెను. పిట్టగోడ స్లాబును కలియు మూలలో సిమెంటుతో గుండ్రని వంపు దిద్ది, పూతను గోడపైకి జానెడు ఎత్తు వరకు తీసికొనిపోవలెను. తూము నోరు, గొట్టములు పైకి లేచిన చోట్లు మరువరాదు. మేము చూచినంతలో కురియుట ఎక్కువగా ఆ చోట్లనే. ప్రైమరు ఆరిన పిదప మొదటి పూత, అది ఆరిన పిదప దానికి అడ్డముగా రెండవ పూత. మండుటెండలో కాక ఉదయముననో సాయంత్రముననో పూయుట మేలు.

ఇక లెక్క. ఒక లీటరు ద్రవమును ఒక చదరపు మీటరుపై పరచినచో ఒక మిల్లీమీటరు మందము అగును. అందు సగము నీరైనచో ఆరిన తరువాత మిగులునది అర మిల్లీమీటరే. తయారీదారు చదరపు మీటరుకు మొత్తము ఒక లీటరు చెప్పినచో, అరువది చదరపు మీటర్ల డాబాకు ఇరువది లీటర్ల డబ్బాలు మూడు ఖాళీ కావలెను. ఒకటే ఖాళీయైనచో మిగిలినది కొలతల పుస్తకములో మాత్రమే పూయబడినదన్నమాట. ఖాళీ డబ్బాలు లెక్కించుటకు ఇంజనీరింగు చదువు అక్కరలేదు.

పని ముగిసిన పిమ్మట తూములు మూసి రెండున్నర సెంటీమీటర్ల నీరు రెండు దినములు నిలిపి చూడవలెను. అరువది చదరపు మీటర్లపై ఆ నీటి బరువు ఒకటిన్నర టన్ను. కావున పెచ్చులూడిన స్లాబుపై ఇంజనీరు అనుమతి లేక ఈ పరీక్ష చేయించరాదు.

కొందరు తెల్లని సున్నము వేసిన చాలునందురు. తెలుపు ఎండను త్రిప్పికొట్టి ఇంటిని చల్లబరచును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమునే ప్రకటించినది. మంచిదే. కాని సున్నము నీటిని ఆపదు.

ఇప్పుడు తారు భేదమునకు వత్తుము. లండను వైద్యుడు పెర్సివల్ పాట్ 1775లోనే పొగగొట్టములు తుడుచువారి కాన్సరునకు మసి కారణమని గుర్తించెను. 1915 నాటికి జపానులో యమగివా, ఇచికావా అను శాస్త్రజ్ఞులు కుందేళ్ల చెవులకు బొగ్గు తారు పదేపదే పూసి కాన్సరు పుట్టుటను చూపిరి. నేడు అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ, బొగ్గు తారు పిచ్‌తో కప్పులు వేయు పనిని మనుష్యులకు కాన్సరు కలిగించునని నిశ్చయించిన మొదటి వర్గమున ఉంచినది. కావున మన కప్పు కొరకు కాచిన బొగ్గు తారును మనము అంగీకరింపరాదు. చల్లగా పూయు బిటుమెన్ ఎమల్షన్లు, నీటితో కలిసిన యాక్రిలిక్ పూతలు దొరకుచున్నవి. అర్జీలోనే వాటిని కోరవలెను.

డాబాపై ఆ పని చేయువారు మన సభ్యులు కారు, దినకూలీలు. భిలాయిలో వారిని పలుకరించిన, బదులుగా శ్రీకాకుళపు యాస వినబడిన సందర్భములు మాకు గలవు. పిట్టగోడ లేని అంచున వారికి నడుము పట్టీ, చేతులకు తొడుగులు, పని ముగిసినపుడు కడుగుకొనుటకు సబ్బు, నీరు ఉండవలెను. ఇవి అంచనాలో వ్రాయబడినవా యని అడుగు హక్కు ఆ కప్పు క్రింద నివసించు మనకు కలదు. ఈ వేసవిలో మీ శాఖలు పెట్టు అర్జీలలో పూత రకము, లీటర్ల లెక్క, నీటి పరీక్ష, వీటితో పాటు ఈ మాటను కూడ చేర్చుడు. అర్జీలు ఫిబ్రవరిలోనే చేరినచో వానలకు ముందు స్లాబు ఆరుటకు, మరమ్మతునకు వ్యవధి చిక్కును.