ఇంటి బావి పంపు నుండి నీరు బలముగా రాకుండుటకు గల కారణములు
(రైతులకు చేసిన ఉపన్యాసము)



కుళాయి త్రిప్పగా నీరు సన్నని ధారగా పడినయెడల మనలో ననేకులు చేయు మొదటి పని బోరు వేయువారికి కబురంపుట. రెండవది పెద్ద మోటారు కొనుట. ఈ రెండును తుదకు చేయవలసిన పనులు. రాతి నేలలు గల తెలంగాణమున క్రొత్త బోరులో నీరు పడునని ముందుగా రూఢిగా చెప్పగలవారు లేరు. నీరు పడని బోరులకైన వ్యయము అప్పుగా నిలిచి, ఎన్నియో కుటుంబములను క్రుంగదీసినది. నేను యంత్రశాస్త్రము చదివినవాడను కాను. రెవెన్యూ కచ్చేరీలో అర్జీలు తర్జుమా చేయుట నా వృత్తి. అయినను బావి యెండినదని వ్రాసిన అర్జీ చేతికి వచ్చినపుడెల్ల, ఎండినది బావియా, చెడినది పంపా యను సందేహము నాకు కలుగుచుండును. ఆ భేదమును కనుగొను విధమునే నేడు మనవి చేసెదను.

ఇందుకు కావలసినవి ఒక త్రాడు, ఒక బొక్కెన, ఒక గడియారము. పంపు నడుపకముందు త్రాటికి రాయి కట్టి బావిలోనికి దింపి, నీరెంత లోతున నున్నదో కొలువుడు. అరగంట నడిపి మరల కొలువుడు. నీరు వేగముగా దిగి, పంపు ఆపిన పిమ్మట మిక్కిలి మెల్లగా ఊరుచున్నచో కొరత బావిలోనిదే. అట్టి బావికి పెద్ద మోటారు బిగించుట వట్టిపోయిన ఆవును ఇద్దరు పితికినట్లుండును. మోటారు నీరు లేక తిరిగి కాలిపోవును. చిన్న పంపుతో, నడుమ నడుమ వ్యవధి నిచ్చుచు తోడి, తొట్టిలో నిలువ చేసికొనుట మేలు. నీటిమట్టము అంతగా తగ్గకయే ధార సన్నగిల్లినచో బావి నిర్దోషి. బోరులో త్రాడు తీగెలకు చుట్టుకొనును గనుక అందు దింపరాదు. మొదట నిండుగా వచ్చిన నీరు కొంతసేపటికి గాలితో కలిసి ఎగిరెగిరి పడుచున్నచో నీరు మోటారు మట్టమునకు దిగినదని గ్రహింపవచ్చును.

ఇక గట్టుమీద నుండి పీల్చు పంపుల సంగతి. పంపు నీటిని లాగునని మనమనుకొందుము. నిజమునకు పంపు గొట్టములోని గాలిని తొలగింపగా, బయటి గాలి బరువే నీటిని పైకి నెట్టును. సముద్రతీరమున నైనను ఆ బరువు సుమారు 34 అడుగులకు మించి నీటిని ఎత్తజాలదు. ఎత్తైన మన పీఠభూమిపై ఇంకను తక్కువ. వాడుకలో 20, 25 అడుగులు దాటినచో పంపును నమ్ముకొనరాదు. కార్తికమున చక్కగా నడచిన పంపు వైశాఖమున నీరెత్తకుండుటకు తరచుగా కారణమిదియే. పంపును దిగువ గట్టుమీదికి దింపవలెను; లేక నీటిలో మునిగి నడచు మోటారును పెట్టవలెను. డీజిలు ఇంజనును మాత్రము బావిలోనికి దింపకుడు. దాని పొగ మనుష్యుని చంపును. దీపము వెలుగుచున్నంత మాత్రమున లోపలి గాలి మంచిదని అనుకొనరాదు.

లోతు మితముగనే యుండి, పంపు నింపినను నీరు నిలువనిచో ఫుట్‌వాల్వును చూడవలెను. దాని మూతక్రింద ఆకో, రాయి ముక్కయో చిక్కుకొనియుండును. పేడనీళ్లు పోసి ఆ సందు మూయు అలవాటు మన పల్లెలలో కలదు. పొలము బావికి అది ఎట్లున్నను, త్రాగు నీటి బావికి ఎంతమాత్రము తగదు. పీల్చు గొట్టము అతుకులలోని చిల్లు కంటికి కనబడదు. అందుండి నీరు కారదు, గాలి లోనికి పోవును. పంపు నడుచుచుండగా అతుకుల చుట్టును సబ్బు నురుగు పూసినచో చిల్లున్నచోట నురుగు లోనికి గుంజుకొనిపోవును.

మూడు ఫేజుల మోటారును మరమ్మతు చేయించి తెచ్చిన దినముననే నీరు తగ్గినచో, రెండు తీగెలు తారుమారై మోటారు వెనుకకు తిరుగుచున్నదేమో చూపింపుడు. అట్లు తిరిగినను కొంత నీరు వచ్చును గనుక ఎవరికిని అనుమానము తోచదు. తీగెలు మార్చు పని మెయిన్ స్విచ్చి తీసిన పిమ్మట, తెలిసినవానిచేతనే చేయింపవలెను.

తొట్టి చక్కగా నిండుచు, ఇంటి కుళాయిలో మాత్రమే ధార తక్కువైనచో పంపును నిందింపకుడు. నీటి ఒత్తిడి తొట్టి ఎత్తునుబట్టి కలుగును గాని పరిమాణమును బట్టి కాదు. కుళాయికి 10 అడుగుల ఎత్తున నున్న నీరు చదరపు అంగుళమునకు 4 పౌనులకు కొంచెము మించిన ఒత్తిడినే ఇచ్చును. వేయి లీటర్ల తొట్టికి బదులు రెండువేల లీటర్ల తొట్టి పెట్టినను అంతియే. గొట్టము సన్నమైనను ఒత్తిడి హరించును. అంగుళపు గొట్టమునకు బదులు అరయంగుళపు గొట్టమునుండి అంతే నీరు పంపినచో ఒరపిడివలన కలుగు నష్టము సుమారు ముప్పది రెట్లగును. పాత ఇనుప గొట్టములలో త్రుప్పు పేరుకొని ఈ పనియే చేయును. 20 లీటర్ల బొక్కెన తొట్టివద్ద ఎన్ని నిమిషములలో నిండునో, కుళాయివద్ద ఎన్నిటిలో నిండునో తేదీతో సహా పంపు కొట్టము గోడపై వ్రాసియుంచినచో, మరుసటి వేసవిలో పోల్చి చూచుట సులభము.

ఒక్క కుళాయియే మందగించినచో దాని నోటనున్న జల్లెడ విప్పి కడుగుడు. అందు ప్రతి నెలయు ఇసుక చేరుచున్నచో బోరు ఇసుక పోయుచున్నదన్నమాట. అట్టి బోరులో మోటారును ఇంకను క్రిందికి దింపక, కొంచెము పైకెత్తించి, పై వాల్వును కొంత మూసి, తక్కువ నీరు తోడి చూడవలయును.