సంగటియు నైవేద్యమే

ఆయువును, బలమును, ఆరోగ్యమును పెంచు ఆహారమే సాత్త్వికమని గీతలోని పదునేడవ అధ్యాయము బోధించుచున్నది. మన మైదుకూరు ప్రాంతమున అట్టి ఆహారము రాగిసంగటి, కొర్రన్నము, జొన్నరొట్టె.

కె.సి. కాలువ క్రింద వరి పండినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. ఆకలి తీరినది, మేలే జరిగినది. కాని తెల్లన్నమే గౌరవమనుకొని సంగటిని వంటింటినుండి వెడలగొట్టితిమి. చుట్టము వచ్చినచో సంగటి గిన్నెపై మూత వేసినవారము మేమును! నూరు గ్రాముల రాగులలో కాల్షియము 300 మిల్లీగ్రాములకు మించును. తెల్లబియ్యమున అది అత్యల్పము. ఎదిగెడు బిడ్డలకు ఎంత నష్టము! 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. మన సిగ్గు మాత్రము పోలేదు.

తల్లులారా! ఈ శనివారము స్వామికి కొర్రల పాయసము నివేదింపుడు. రాత్రికి వేడి సంగటిని శెనగకాయల ఊరిబిండితో బిడ్డలకు వడ్డింపుడు. ఇంట చుట్టములున్నను సరే.