రోమన్ నాణెం: బొమ్మా బొరుసూ
(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా అవ్వ పెట్టెలో ఒక రాగి నాణెం దొరికింది. సారుకు తళతళలాడుతూ చూపించాలని చింతపండు పెట్టి, బూడిదతో తోమాను. మెరిసింది. అక్షరాలు పోయాయి. అది ఏ రాజుదో నాకు ఈనాటికీ తెలియదు. నాణేల పిచ్చి పట్టింది ఆ రోజే.

ఇప్పుడు తెరమీద ఉన్నది రోమన్ చక్రవర్తి టైబీరియస్ వెండి నాణెం, డినారియస్. ఆయన పాలించింది క్రీ.శ. 14 నుండి 37 వరకు. ఎక్కడి రోమ్, ఎక్కడి ఆదోని అనుకోకండి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో 1,531 రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. వాటిలో ఈయనవీ ఉన్నాయి. మన పాత కర్నూలు జిల్లాలోనే, నంద్యాలలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి.

బొమ్మ వైపు చూడండి. తలమీద కిరీటం లేదు, ఆకుల దండ ఉంది. చుట్టూ లాటిన్ అక్షరాలు. చోటు చాలక మాటలు కుదించారు. 'యు' ఉండాల్సిన చోట 'వి' కనిపిస్తుంది, అది వాళ్ల పద్ధతి. విడదీసి చదివితే, 'దైవమైన ఆగస్టస్ కుమారుడు టైబీరియస్ సీజర్ ఆగస్టస్' అని వస్తుంది. దైవానికి అక్కడున్న మాట 'డివి'. మన 'దేవ'కు చుట్టమే.

అసలు సంగతి 'కుమారుడు' అన్న మాటలో ఉంది. దానికి చెక్కింది ఒక్క అక్షరం, 'ఎఫ్'. టైబీరియస్ ఆగస్టస్‌కు పుట్టిన కొడుకు కాదు. ఆయన తల్లి లివియా ఆగస్టస్‌ను మారుమనువాడింది. క్రీ.శ. 4లో ఆగస్టస్ ఇతన్ని దత్తత తీసుకున్నాడు. సింహాసనం మీద హక్కంతా ఆ ఒక్క అక్షరమే మోస్తోంది. దత్తత తగాదాలు మన ఊళ్లలో చూడనివా!

బొరుసు వైపు 'ప్రధాన పురోహితుడు' అన్న బిరుదు, కూర్చున్న ఒక స్త్రీ. ఒక చేత పొడవైన దండం, ఒక చేత కొమ్మ. లివియా అని కొందరు, శాంతి దేవత అని కొందరు. నాకైతే తల్లి అనుకోవడమే ఇష్టం. కానీ పేరు చెక్కలేదు కాబట్టి పట్టుబట్టను.

ఇక్కడి వర్తకులకు లాటిన్‌తో పనేముంది? వాళ్లు చూసింది వెండిని. ఆదోని బజారులో షరాబు గీటురాయి మీద గీస్తాడు గానీ నగమీద పేరు చదువుతాడా? క్రీ.శ. 64లో నీరో నాణెంలో వెండి తగ్గించాడు. మన దేశంలో దొరికే రోమన్ వెండి నాణేల్లో ఎక్కువ భాగం అంతకు ముందువే. బంగారు నాణేల్లో కొన్నిటికి చక్రవర్తి ముఖం మీదే ఉలిగాటు ఉంటుంది. ఇంత తంటాలు పడి చెక్కించుకున్న ముఖం, ఇక్కడ గాటు తిన్నది!

పిల్లలూ, వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం మనవాళ్లు వెతుకుతారు కదా. ఎప్పుడైనా నాణెం కనబడితే తోమకండి, కరిగించనివ్వకండి. రెండు వైపులా ఫోటో తీసి, ఏ చేనో రాసుకుని, తహసీల్దారు ఆఫీసులో చెప్పండి. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉంది.

మా అవ్వ రాగి బిళ్ల జేబులోనే ఉంది. భోజనాల దగ్గర చూపిస్తాను. ఒక్క అక్షరమైనా ఎవరికైనా ఆనితే చెప్పండి.